కే2: ఎక్కినవాళ్లు, మోసినవాళ్లు

ఈరోజు కథ ఒక బూట్ల జతతో మొదలవుతుంది.

1954 జూలై నెల. ప్రపంచంలో రెండో ఎత్తైన పర్వతం కే2 మీద ఇటలీ దేశస్తుల క్యాంప్. వాళ్ల కాళ్లకి మంచుకోసమే ప్రత్యేకంగా చేయించిన పెద్ద బూట్లు. వాళ్లకి సామాను మోసే హుంజా మనిషి ఒకాయన ఉన్నాడు. పేరు అమీర్ మెహ్దీ. ఆయన కాళ్లకి మాత్రం సైనికులు వేసుకునే మామూలు బూట్లు. అవి కూడా కాలికి చిన్నవి. ఆ బూట్లతోనే ఆయన 8,100 మీటర్ల ఎత్తుకి ఆక్సిజన్ సిలిండర్లు మోసుకెళ్లాడు. ఆ తర్వాత ఏం జరిగిందో చెప్తాను. దానికంటే ముందు అసలు ఈ కొండ ఎక్కడుందో చూద్దాం.

ఫోన్‌లో మ్యాప్ ఓపెన్ చేసి శ్రీనగర్ దగ్గర్నుంచి ఈశాన్యం వైపు జరపండి. లడఖ్‌కి పైన, తెల్లగా గీరినట్టు కనిపించేదే కారకోరం. చాలామంది దీన్ని కూడా హిమాలయాల్లో కలిపేస్తారు కానీ ఇది వేరే శ్రేణి. ప్రపంచంలో 8,000 మీటర్లు దాటిన శిఖరాలు 14 ఉంటే, వాటిలో 4 ఇక్కడే ఉన్నాయి. కే2, గాషెర్‌బ్రుమ్ 1, బ్రాడ్ పీక్, గాషెర్‌బ్రుమ్ 2. నాలుగూ ఒకదానికొకటి కూతవేటు దూరంలో, బాల్తోరో అనే పొడవాటి మంచునది తలాపున ఉంటాయి. ఈ ప్రాంతం ఇప్పుడు పాకిస్తాన్ ఆధీనంలో ఉంది, అవతలి వైపు చైనా. మన మ్యాపుల్లో మాత్రం భారత్‌లోనే చూపిస్తాం. ఆ గొడవ ఇంకో ఎపిసోడ్‌కి సరిపడా ఉంది, ఇప్పుడు వదిలేద్దాం.

కే2. ఇదేం పేరు? పర్వతం పేరా, సినిమా హాల్లో సీటు నంబరా? నిజానికి అది నంబరే. 1802లో మద్రాసు దగ్గర లాంబ్టన్ అనే బ్రిటిష్ అధికారి భూమిని త్రికోణాలుగా కొలవడం మొదలుపెట్టాడు. ఆ కొలతల వరస మన తెలంగాణ మీదుగా కూడా ఉత్తరానికి పాకింది. దశాబ్దాల తర్వాత అదే సర్వే కాశ్మీర్ చేరింది. 1856లో మాంట్‌గోమరీ అనే యువ అధికారి హరముఖ్ కొండెక్కి, దాదాపు 200 కిలోమీటర్ల దూరంలో పొడుచుకొచ్చిన రెండు శిఖరాల్ని చూశాడు. నోట్‌బుక్‌లో బొమ్మ గీసుకుని కారకోరం అన్న మాటలోని మొదటి అక్షరంతో కే1, కే2 అని రాసుకున్నాడు. కే1కి స్థానికుల పేరు ఉంది, మషెర్‌బ్రుమ్, కాబట్టి ఆ నంబర్ పోయింది. కే2 మాత్రం అలాగే ఉండిపోయింది. జనం ఉండే ఊళ్ల నుంచి అది కనపడదు. కనపడని కొండకి అందరూ పిలుచుకునే పేరు ఎక్కడినుంచి వస్తుంది?

ఎక్కే ప్రయత్నాలు 1902లో మొదలయ్యాయి. ఎకెన్‌స్టైన్, క్రౌలీ అనే ఇద్దరు ఇంగ్లిష్ వాళ్లతో కలిపి ఆరుగురు వెళ్లారు. 68 రోజులు మంచునది మీద గడిపితే వాతావరణం బాగున్నది 8 రోజులే. 6,500 మీటర్ల దగ్గర తిరిగొచ్చేశారు. 1909లో ఇటలీ రాజకుటుంబానికి చెందిన అబ్రుజీ డ్యూక్ వచ్చాడు. ఆగ్నేయం వైపు గట్టు మీదుగా దారి కనిపెట్టాడు. ఇప్పటికీ ఎక్కువమంది ఎక్కేది ఆ దారినే, పేరు కూడా అబ్రుజీ గట్టు. ఆయన మాత్రం 6,250 మీటర్ల దగ్గర చేతులెత్తేసి, దీన్ని ఎవరూ ఎక్కలేరని తేల్చేశాడు. ఆయనతో వచ్చిన సెల్లా అనే ఫోటోగ్రాఫర్ తీసిన ఫోటోలు వీలైతే వెతికి చూడండి. బరువైన గాజు పలకల కెమెరాతో, ఆ చలిలో తీసినవి. ఆ కెమెరా పెట్టెల్ని కొండ దాకా మోసింది బాల్తీ కూలీలు.

ఈ కూలీల సంగతి ఒక్కసారి ఆగి చెప్పుకోవాలి. అప్పట్లో శ్రీనగర్ నుంచి కే2 కింద వరకూ వారాల తరబడి నడకే. చివరి భాగంలో గుర్రాలు కూడా వెళ్లలేవు. గుడారాలు, పిండి, తాళ్లు, డబ్బాలు, అన్నీ మనుషుల వీపు మీదే. ఒకళ్లిద్దరు శిఖరం దాకా వెళ్లాలంటే కింద వందలమంది నడవాలి. ఆ వందలమందికి తినడానికి పిండి కావాలి, ఆ పిండి మోయడానికి ఇంకొంతమంది కావాలి. పుస్తకాల్లో ఆ ఒకళ్లిద్దరి పేర్లుంటాయి, మిగతావాళ్లు ఒక అంకె.

ఇప్పుడు 1939కి వద్దాం. నాకు కే2 చరిత్రలో అన్నిటికంటే నిద్రపట్టనివ్వనిది ఈ ఏడాదే.

అమెరికా బృందం. నాయకుడు ఫ్రిట్జ్ వీస్నర్. జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డవాడు, అప్పటికి ప్రపంచంలో గొప్ప పర్వతారోహకుల్లో ఒకడు. షెర్పాల సర్దార్ పసాంగ్ కికులి. ఈయన 1934లో నంగా పర్బత్ మీద తుఫాన్‌లో ఎంతోమంది పోతే బతికి బయటపడ్డవాడు. జూలై 19న వీస్నర్, పసాంగ్ దావా లామా అనే ఇంకో షెర్పా, ఆక్సిజన్ లేకుండా దాదాపు 8,380 మీటర్లు చేరారు. శిఖరం ఇంకా 230 మీటర్లే. టైం సాయంత్రం ఆరు. రాత్రంతా ఎక్కేద్దాం అన్నాడు వీస్నర్. పసాంగ్ తాడు వదల్లేదు. వద్దు సాబ్, రేపు వెళ్దాం. రాత్రిపూట శిఖరం మీద దేవతలుంటారని ఆయన నమ్మకం. వెనక్కి దిగారు. దిగేటప్పుడు బూట్లకి కట్టుకునే ఇనుప ముళ్ల పట్టీలు కిందపడిపోయాయి. అవి లేకుండా ఆ మంచు మీద రెండో ప్రయత్నం సాగలేదు.

అసలు విషాదం కింద మొదలైంది. పైన ఉన్నవాళ్లు హిమపాతంలో పోయారని పొరపాటున అనుకుని, మధ్య క్యాంపుల్లోని స్లీపింగ్ బ్యాగులన్నీ కిందికి తీసుకెళ్లిపోయారు. వీస్నర్ దిగి వస్తుంటే ఒక్కో గుడారం ఖాళీ. బృందంలో డబ్బున్న, అనుభవం తక్కువున్న సభ్యుడు డడ్లీ వుల్ఫ్ పైన ఏడో క్యాంపులో ఉండిపోయాడు.

అతన్ని తీసుకురావాలి. ఎవరు వెళ్లాలి? అమెరికన్లలో ఎక్కగలిగే శక్తి ఎవరికీ మిగల్లేదు. పసాంగ్ కికులి, త్సెరింగ్ అనే ఇంకో షెర్పా, బేస్ క్యాంప్ నుంచి ఆరో క్యాంప్ దాకా ఒక్క రోజులో ఎక్కేశారు. అంటే దాదాపు 2,000 మీటర్లు నిట్టనిలువుగా, ఒక్క రోజులో. అప్పటిదాకా అలాంటి ఎత్తులో అలాంటి ఎక్కుడు ఎవరూ ఎక్కలేదు. మర్నాడు కికులి, కితార్, ఫిన్సూ ముగ్గురూ వుల్ఫ్ గుడారం చేరారు. అగ్గిపుల్లలు అయిపోయి, మంచు కరిగించుకోలేక, నీళ్లు లేక, తిండి లేక పడి ఉన్నాడు. లేచే ఓపిక లేదు. రేపు రండి అన్నాడు. వీళ్లకి అక్కడ పడుకోడానికి స్లీపింగ్ బ్యాగులు లేవు, కిందికి వచ్చేశారు. మర్నాడు తుఫాన్. ఆ మరుసటి రోజు, జూలై 31న, ముగ్గురూ మళ్లీ బయల్దేరారు.

మళ్లీ కనపడలేదు. ఆరో క్యాంపులో ఎదురుచూసిన త్సెరింగ్ ఒక్కడే కిందికొచ్చాడు.

వుల్ఫ్ అవశేషాలు 2002లో దొరికాయి. ఆ సాహసయాత్ర మీద అమెరికాలో దశాబ్దాలపాటు వాదన నడిచింది. తప్పు వీస్నర్‌దా, కింద ఉన్నవాళ్లదా, వుల్ఫ్‌ని అసలు తీసుకెళ్లాల్సిందా కాదా అని. ఆ వాదనంతా ఎక్కినవాళ్ల పరువు గురించే. రెండోసారి పైకి వెళ్లక్కర్లేని మనుషులు ముగ్గురు, మాట ఇచ్చామని వెళ్లి చచ్చిపోయారన్న సంగతి ఆ వాదనలో ఒక మూలన ఉంటుంది.

1947లో దేశ విభజన. దీని ప్రభావం కే2 మీద కూడా పడింది. షెర్పాల్ని డార్జిలింగ్ నుంచి మాట్లాడుకునేవాళ్లు. డార్జిలింగ్ భారత్‌లో, కే2 దారి పాకిస్తాన్ చేతిలో. షెర్పాలు రావడం కుదరదు. అందుకే 1953లో చార్ల్స్ హ్యూస్టన్ నాయకత్వంలో అమెరికన్లు వచ్చినప్పుడు సామాను మోయడానికి హుంజా లోయ మనుషుల్ని తీసుకున్నారు.

ఆ యాత్రలో ఒక సంఘటన చెప్పి ముందుకెళ్తాను. 7,700 మీటర్ల దగ్గర ఆర్ట్ గిల్కీ అనే కుర్రాడికి కాలి నరాల్లో రక్తం గడ్డకట్టింది. ఆ ఎత్తులో అది దాదాపు మరణశిక్షే. అయినా వదిలేయలేదు, స్లీపింగ్ బ్యాగులో చుట్టి తాళ్లతో దింపడం మొదలుపెట్టారు. ఒకడు జారాడు. వాడి తాడు ఇంకో తాడుకి చుట్టుకుని, ఒకరి తర్వాత ఒకరు ఐదుగురు పడిపోతున్నారు. పైన పీట్ షోనింగ్ ఒక్కడు. ఐస్ యాక్స్‌ని ఒక బండ వెనక గుచ్చి, తాడు దానికీ తన ఒంటికీ చుట్టుకుని, ఆ ఐదుగురినీ గిల్కీనీ కలిపి ఆపేశాడు. ఆరుగురి బరువు, ఒక్క మనిషి. దెబ్బలు తగిలినవాళ్లకి గుడారం వేస్తుండగా, పక్కన మంచువాలులో కట్టి ఉంచిన గిల్కీ మాయమైపోయాడు. హిమపాతం తీసుకెళ్లిందా, తన వల్ల మిగతావాళ్లు చావకూడదని తనే తాడు వదిలించుకున్నాడా, ఆ ప్రశ్న అలాగే ఉండిపోయింది. మిగిలినవాళ్లు కాళ్లీడ్చుకుంటూ దిగితే, రెండో క్యాంపులో హుంజా మనుషులు వాళ్లకోసం కాచుకుని ఉన్నారు. బేస్ క్యాంప్ పక్కన గిల్కీ పేరుతో కట్టిన రాళ్ల గుట్ట ఇప్పటికీ ఉంది. తర్వాత పోయినవాళ్ల పేర్లు కూడా దానికే తగిలిస్తున్నారు. కొన్ని పేర్లు అన్నం తినే రేకు పళ్లేల మీద మేకుతో కొట్టి రాసినవి.

సరే, 1954. ఇటలీ వంతు.

రెండో ప్రపంచ యుద్ధంలో ఓడిన దేశం అది. ముందు ఏడాదే ఎవరెస్ట్ బ్రిటిష్ బృందం ఖాతాలో పడింది. కే2 మాకు కావాలి అన్న పట్టుదలతో, ఆర్దితో దేజియో అనే భూగర్భ శాస్త్రవేత్త నాయకత్వంలో, వందలాది కూలీలతో వచ్చారు. జూలై ఆఖరుకి చివరి ప్రయత్నం. కంపన్యోని, లాచెదెల్లి ఇద్దరు శిఖరానికి వెళ్తారు. వాళ్లు ముందెళ్లి తొమ్మిదో క్యాంప్ వేస్తారు. సాయంత్రానికి ఆక్సిజన్ అక్కడికి చేర్చాలి. ఆ పని వాల్టర్ బొనాట్టిది. 24 ఏళ్ల కుర్రాడు. తోడు ఎవరు? ఒక్కో ఆక్సిజన్ సెట్ 18 కిలోలకి పైనే. ఇటాలియన్లలో చాలామంది డీలా పడిపోయారు. అమీర్ మెహ్దీని అడిగారు. ముందు ఏడాది నంగా పర్బత్ యాత్రలో పనిచేసి మంచి పేరు తెచ్చుకున్నాడు. శిఖరం దాకా రావచ్చేమో అని బొనాట్టి ఆశ చూపించాడు. ఈ మాట బొనాట్టియే తర్వాత ఒప్పుకున్నాడు. మెహ్దీ సిలిండర్లు ఎత్తుకున్నాడు.

చీకటి పడే వేళకి అనుకున్న చోటికి చేరారు. అక్కడ గుడారం లేదు.

అరిచారు. ఎక్కడున్నారు? చాలాసేపటికి పైనుంచి ఒక లైటు వెలిగింది. ఒక గొంతు. ఆక్సిజన్ అక్కడ పెట్టేసి దిగిపోండి. అంతే, లైటు ఆరిపోయింది. కంపన్యోని గుడారాన్ని అనుకున్నదానికంటే పైన, పక్కకి, వీళ్లు రాత్రిపూట దాటలేని వాలుకి అవతల వేశాడు. చీకట్లో కిందికి దిగడం మెహ్దీ వల్ల కాదు. 8,100 మీటర్లు. గాలిలో ఆక్సిజన్ మనం పీల్చేదాంట్లో మూడో వంతు. గుడారం లేదు, స్లీపింగ్ బ్యాగు లేదు, స్టవ్ లేదు. మంచులో కూర్చోడానికి ఒక మెట్టు చెక్కుకుని ఇద్దరూ తెల్లారేదాకా కూర్చున్నారు. అర్ధరాత్రి దాటాక మంచు తుఫాన్ కూడా వచ్చింది. మెహ్దీ ఒకపక్క అరుస్తున్నాడు, బొనాట్టి పట్టుకుని ఆపుతున్నాడు. వెలుగు రావడం ఆలస్యం, మెహ్దీ కిందికి తూలుతూ వెళ్లిపోయాడు. బొనాట్టి మంచులోంచి సిలిండర్లు తవ్వి తీసి కనపడేలా పెట్టి, తనూ దిగాడు.

ఆ సిలిండర్లతోనే జూలై 31 సాయంత్రం ఆరింటికి కంపన్యోని, లాచెదెల్లి కే2 శిఖరం మీద నిలబడ్డారు. ఇటలీలో పండగ.

బొనాట్టికి వేళ్లు పోలేదు. మెహ్దీకి పోయాయి. ఆ చిన్న బూట్లలో కాళ్లు గడ్డకట్టి నల్లబడ్డాయి. నెలల తరబడి ఆస్పత్రిలో ఉన్నాడు, కాలి వేళ్లన్నీ తీసేశారు. ఇంటికొచ్చాక ఐస్ యాక్స్‌ని పక్కన పడేసి, మళ్లీ దీన్ని నా కంటికి చూపించొద్దని ఇంట్లోవాళ్లకి చెప్పాడట.

ఇంతకంటే ఘోరం ఇంకొకటి జరిగింది. 1964లో ఇటలీ పత్రిక ఒకటి, బొనాట్టి ఆ రాత్రి ఆక్సిజన్ తనే వాడేసుకున్నాడని, మెహ్దీని వదిలేసి వచ్చాడని రాసింది. బొనాట్టి కోర్టుకెళ్లాడు. అతని వాదన చాలా సింపుల్. సిలిండర్లు నా దగ్గర ఉన్నాయి, మాస్కులు పై గుడారంలో వాళ్ల దగ్గర ఉన్నాయి. మాస్క్ లేకుండా ఎలా పీలుస్తాను? కేసు గెలిచాడు. కానీ అధికారిక కథ మారలేదు. 1990ల్లో ఆస్ట్రేలియా డాక్టర్ ఒకాయన శిఖరం మీద తీసిన ఫోటోల్ని పరిశీలించి, పైదాకా వాళ్లు ఆక్సిజన్ వాడినట్టే ఉంది కదా అని బయటపెట్టాడు. మధ్యలోనే అయిపోయిందని కదా వాళ్లు యాభై ఏళ్లు చెప్పింది! 2004లో లాచెదెల్లి, గుడారం కావాలనే పైన వేశారని పుస్తకంలో ఒప్పుకున్నాడు. 2007లో ఇటాలియన్ ఆల్పైన్ క్లబ్ బొనాట్టి చెప్పిందే నిజమని అధికారికంగా రాసింది. 53 ఏళ్లు పట్టింది.

బొనాట్టి అప్పటికి బతికే ఉన్నాడు, చూసుకున్నాడు. మెహ్దీ 1999లోనే పోయాడు. ఒక విషయం గమనించారా? ఆ 53 ఏళ్ల గొడవలో మెహ్దీ ఎప్పుడూ సాక్ష్యమే. బాధితుడు బొనాట్టి. వేళ్లు పోయింది మాత్రం మెహ్దీకి.

తర్వాత చకచకా. 1956లో గాషెర్‌బ్రుమ్ 2ని ఆస్ట్రియన్లు, 1957లో బ్రాడ్ పీక్‌ని మళ్లీ ఆస్ట్రియన్లే ఎక్కారు. బ్రాడ్ పీక్ సంగతి మనకి ముఖ్యం. హెర్మన్ బూల్‌తో కలిపి నలుగురు, పై క్యాంపులకి మోసే కూలీల్లేకుండా, ఆక్సిజన్ లేకుండా, తమ సామాను తామే మోసుకుని ఎక్కారు. అలా కూడా కుదురుతుందని తేలింది. 1958లో గాషెర్‌బ్రుమ్ 1. ఎక్కిన ఇద్దరిలో ఒకడు మన పీట్ షోనింగ్, ఆరుగురిని ఆపినవాడు. ఈ వార్త చదివినప్పుడు నాకు ఎందుకో భలే సంతోషం వేసింది.

కే2 మీద రెండోసారి మనిషి అడుగుపెట్టడానికి 1977 దాకా ఆగాల్సి వచ్చింది. 23 ఏళ్లు. జపాన్ వాళ్ల భారీ బృందం, 1,500 మంది కూలీలు. ఆ బృందంతోపాటు శిఖరం చేరినవాళ్లలో హుంజాకి చెందిన అష్రఫ్ అమాన్ ఉన్నాడు. కే2 ఎక్కిన మొదటి పాకిస్తానీ. 1954లో మెహ్దీకి చూపించిన ఆశ, అదే లోయ మనిషికి అప్పుడు తీరింది.

1986 వేసవిలో 13 మంది చనిపోయారు. 2008 ఆగస్టులో 11 మంది. 2008 సంగతి ఒక్క నిమిషం. బాటిల్‌నెక్ అంటారు, 8,200 మీటర్ల దగ్గర సీసా మెడలా ఇరుకైన సందు, నెత్తిమీద వేలాడే మంచుగోడ. ఆ గోడ విరిగి తాళ్లని తెంపేసింది. చీకట్లో పసాంగ్ లామా అనే షెర్పా ఐస్ యాక్స్ లేకుండా చిక్కుకుపోయాడు, తన యాక్స్‌ని అంతకుముందే తాడు కట్టడానికి ఇచ్చేశాడు. చిరింగ్ దోర్జే అనే ఇంకో షెర్పా అతన్ని తన నడుముకి కట్టేసుకుని, ఒక్క యాక్స్‌తో ఇద్దరూ ఆ సందు దిగారు. బతికారు. మర్నాడు పేపర్లలో ఎవరి పేర్లు వచ్చాయో ఊహించుకోండి.

అందుకే 2021 జనవరి 16 అంత ముఖ్యం. 14 శిఖరాల్లో చలికాలంలో ఎవరూ ఎక్కనిది అప్పటికి కే2 ఒక్కటే. పోలెండ్ వాళ్లు 1987లో మొదలుపెట్టి మళ్లీ మళ్లీ ఓడిపోయారు. ఆరోజు వేర్వేరు బృందాల్లో ఉన్న పదిమంది నేపాలీలు కలిసిపోయారు. తొమ్మిదిమంది షెర్పాలు, ఒక మగర్, అతనే నిర్మల్ పుర్జా. శిఖరానికి దాదాపు పది మీటర్ల కింద ముందున్నవాళ్లు ఆగారు. వెనకున్నవాళ్లు వచ్చేదాకా ఆ చలిలో నిలబడ్డారు. పదిమందీ వరసగా, వాళ్ల జాతీయ గీతం పాడుకుంటూ ఒకేసారి నడిచి వెళ్లారు. మొదట ఎక్కింది ఎవరు అని ఎవరూ అడగడానికి వీల్లేకుండా. ఆ వీడియో చూడండి, అడుగులు ఎంత నిదానంగా పడతాయో.

దాదాపు మూడు వారాలకి అదే కొండ మీద మొహమ్మద్ అలీ సద్‌పారా మాయమయ్యాడు. స్కర్దూ పక్క సద్‌పారా ఊరి మనిషి, మోతకూలీగా మొదలై నంగా పర్బత్‌ని చలికాలంలో మొదట ఎక్కిన ముగ్గురిలో ఒకడయ్యాడు. కొడుకు సాజిద్ ఆక్సిజన్ పరికరం పనిచేయక బాటిల్‌నెక్ నుంచి వెనక్కి తిరిగాడు, అందుకే బతికాడు. ఆ వేసవిలో మళ్లీ ఎక్కి తండ్రి దేహాన్ని చూసి, దాన్ని భద్రంగా ఒక చోట కట్టి వచ్చాడు.

ఇప్పుడు కే2 మీద రద్దీ. 2022లో ఒకే రోజు వందమందికి పైగా ఎక్కారు. దారి పొడవునా ముందే తాళ్లు కట్టి ఉంటాయి. ఆ తాళ్లు ఎవరో వెళ్లి కట్టాలి.

2023 జూలై 27 తెల్లవారుజాము. తాళ్లు కట్టే బృందంతో వెళ్లిన మొహమ్మద్ హసన్, 27 ఏళ్లు, ముగ్గురు పిల్లల తండ్రి, బాటిల్‌నెక్ దగ్గర జారి తలకిందులుగా వేలాడాడు. పైకి లాగారు. ఇరుకు దారిలోనే పడి ఉన్నాడు. పదుల సంఖ్యలో మనుషులు అతన్ని దాటుకుంటూ శిఖరానికి వెళ్లారు, డ్రోన్ వీడియోలో అది కనిపిస్తుంది. ఆరోజే నార్వేకి చెందిన క్రిస్టిన్ హరీలా 92 రోజుల్లో 14 శిఖరాల రికార్డు పూర్తి చేసింది. తన బృందం గంటల తరబడి హసన్ కోసం ప్రయత్నించిందని ఆమె చెప్పింది. ఆ రికార్డు ఆమెతోపాటు టెంజెన్ లామా షెర్పాది కూడా, చాలా హెడ్‌లైన్లలో ఆ పేరు లేదు.

హసన్ కొన్ని గంటలు బతికే ఉండి, అక్కడే పోయాడు. మెహ్దీ మంచు మెట్టు మీద కూర్చున్న చోటికి అది పెద్ద దూరం కాదు. అతని ఒంటిమీద ఆ ఎత్తుకి తగ్గ చలి సూటు లేదు.